ఫైర్ ఇంజన్ లైటు: చట్టం చెప్పేది ఒకటి, గల్లీలో జరిగేది ఒకటి

రాత్రి రోడ్డు మీద ఎదురుగా వస్తున్న బండిని మనం గుర్తుపట్టేది ఆకారం చూసి కాదు, రంగు చూసి. తెల్ల వెలుగు కనిపిస్తే అది మన వైపు వస్తోంది. ఎర్ర వెలుగు కనిపిస్తే మన ముందు పోతోంది. ఇంత సులువైన లెక్క మీదే మన దేశంలో వాహనాల దీపాల చట్టం నిలబడి ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వ నిబంధన ఏమంటుందంటే, ఏ బండికీ ముందు వైపు ఎర్ర దీపం కనిపించకూడదు, వెనక వైపు ఎరుపు తప్ప వేరే దీపం కనిపించకూడదు. ఇండికేటర్లకు, రివర్స్ లైటుకు, నంబరు ప్లేటు మీద పడే చిన్న బల్బుకు మినహాయింపులు ఉన్నాయి. అంతే.

మరి ఫైర్ ఇంజన్ సంగతేంటి? దాని నెత్తి మీద ఎర్ర దీపం ముందుకీ వెనక్కీ తిరుగుతూ మెరుస్తుంది, పక్కన నీలం, మధ్యలో తెలుపు. మామూలు బండి ఇలా చేస్తే అది నేరం. ఫైర్ ఇంజన్‌కు మాత్రం చట్టమే ఆ హక్కు ఇచ్చింది. ఎందుకిచ్చింది, ఏ షరతుల మీద ఇచ్చింది, ఆ హక్కును మనం రోడ్డు మీద ఎంత వరకు గౌరవిస్తున్నాం అన్నది పాతబస్తీలో, గుంటూరు, కర్నూలు లాంటి ఊళ్ల పాత పేటల్లో ఉండేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. మంట లేస్తే ఇరుకు ఇళ్లలో నిమిషాల మీద తేడా వస్తుంది కాబట్టి.

(మాటవరసకు ఒకటి: మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 108 అంటే అందరికీ గుర్తొచ్చేది అంబులెన్స్ నంబరు. దీపాల నిబంధన నంబరు కూడా అదే కావడం వట్టి కాకతాళీయం. అమెరికాలో వాహనాల దీపాలకు ఉన్న ఫెడరల్ ప్రమాణం నంబరు కూడా 108 అంటే నమ్మడం కష్టం గానీ, నిజం.)

ఎర్ర లైటు చరిత్ర మన దేశంలో కాస్త సిగ్గుపడాల్సిన చరిత్రే. చాలా ఏళ్లు అది మంటలార్పే బండి గుర్తుగా కన్నా మంత్రిగారి కారు గుర్తుగానే జనానికి తెలుసు. పాత నిబంధనలో 'ఉన్నత పదవుల్లో ఉన్నవారు' అన్న మాట ఉండేది. వాళ్లెవరో ప్రభుత్వాలే నిర్ణయించుకోవచ్చు. ఇంకేముంది, జాబితాలు పెరిగాయి. కార్పొరేషన్ చైర్మన్ల దాకా ఎర్ర బుగ్గ వచ్చింది. 2013 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు అభయ్ సింగ్ కేసులో దీనికి కళ్లెం వేసింది. ఎర్ర దీపం రాజ్యాంగ పదవుల్లో ఉన్న ఉన్నతులకే అని, శాంతిభద్రతల వాళ్లకూ అత్యవసర సేవలకూ నీలం, తెలుపు లాంటి వేరే రంగులు సరిపోతాయని చెప్పింది. ఆ తీర్పు వీఐపీల సంఖ్యను తగ్గించింది, మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. మండుతున్న ఇంటికి పోయే బండికి ఎరుపు వద్దు, పెద్దమనిషి కారుకు మాత్రం ఎరుపు ఉండనీ అన్నట్టు తేలింది లెక్క.

2017లో అది తిరగబడింది. ఏప్రిల్ 19న కేంద్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది, మే 1 నుంచి వీఐపీ బుగ్గలు పోయాయి. రాష్ట్రపతి, ప్రధాని కార్లతో సహా. ఎవరికి మినహాయింపు ఇవ్వాలో తేల్చే అధికారం కూడా ప్రభుత్వాల చేతిలోంచి తీసేశారు. దాని స్థానంలో 108వ నిబంధనలోకి కొత్త మాట వచ్చింది: అత్యవసర, విపత్తు నిర్వహణ విధుల్లో ఉన్న బండ్లు ఎరుపు, నీలం, తెలుపు కలిసిన బహుళ రంగుల దీపం వాడవచ్చు. ఆ విధుల్లో మంటలను అదుపు చేసే పని ఉంది, పోలీసు, సైన్యం, పారామిలిటరీ దళాల శాంతిభద్రతల పని ఉంది, భూకంపం, వరద, తుఫాను, రసాయన ప్రమాదం లాంటి విపత్తుల పని ఉంది.

ఈ హక్కు ఊరికే రాలేదు, మూడు కట్టుబాట్లు వెంట వచ్చాయి. బండి ఆ విధిలో లేనప్పుడు దీపం వాడకూడదు. అనుమతి ఉన్న బండి అద్దం మీద రవాణా శాఖ ఇచ్చిన స్టిక్కర్ ఉండాలి. ఏ ఏ అధికారులకు అనుమతి ఇచ్చారో రాష్ట్ర రవాణా శాఖ ఏటా జనానికి తెలిసేలా నోటీసు వేయాలి. ఈ మూడో కట్టుబాటు దగ్గరికి చివర్లో వస్తాను.

సైరన్‌కు వేరే నిబంధన ఉంది, అది 119. రకరకాల స్వరాలు పలికే హారన్లు మామూలు బండ్లకు నిషేధం. అంబులెన్స్, ఫైర్ ఇంజన్, పోలీసు లాంటి బండ్లకు మాత్రం, డ్యూటీ మీద ఉన్నప్పుడు, రిజిస్టరింగ్ అధికారి ఒప్పుకున్న శబ్దం వాడే వీలుంది. అలాగే 111వ నిబంధన ప్రకారం ముందు వైపు సెర్చ్ లైటు ఏ బండికీ అనుమతి లేకుండా బిగించకూడదు. మన కుర్రాళ్లు జీపుల ముందు వరసగా పెట్టుకునే తెల్ల లైట్ల బారు ఉంది చూడండి, అది చట్టం దృష్టిలో షోకు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఫైర్ ఇంజన్ అత్యవసర వాహనం కాబట్టి దీపాల చట్టం దానికి వర్తించదు అనుకుంటారు. అదేం కాదు. హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, వెనక ఎర్ర దీపాలు, రిఫ్లెక్టర్లు అన్నీ ఏ లారీకి ఉండాలో దానికీ అలాగే ఉండాలి. మెరిసే దీపం వాటికి అదనం, బదులు కాదు. ఎనిమిది, పది టన్నుల నీళ్ల బండి వేగంగా పోతూ ఒక్కసారిగా ఆగితే వెనకవాడికి మొదట కనిపించాల్సింది బ్రేకు లైటే. నెత్తి మీద మెరుపుల్లో అది కలిసిపోతే వెనకవాడు వచ్చి గుద్దుతాడు.

అమెరికా వాళ్లు ఈ ముక్కను తమ చట్టంలో గట్టిగా పట్టుకున్నారు. వాళ్ల ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం ఫైర్ ట్రక్కైనా సరే, తప్పనిసరి దీపాలన్నీ ఉండాల్సిందే. పైన ఏ అదనపు దీపం పెట్టినా అది ఆ తప్పనిసరి దీపాల పనికి అడ్డం రాకూడదు. హెచ్చరిక దీపం ఏ రంగులో ఉండాలన్నది మాత్రం రాష్ట్రాలకే వదిలేశారు. అందుకే అక్కడ ఒక రాష్ట్రంలో నీలం పోలీసుది, పక్క రాష్ట్రంలో నీలం అగ్నిమాపక వాలంటీరుది. మన దగ్గర దేశమంతా ఒకే మాట. ఈ ఒక్క విషయంలో మన పద్ధతే నాకు మేలనిపిస్తుంది.

కానీ వాళ్ల దగ్గర మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. ఎన్‌ఎఫ్‌పీఏ అనే అగ్ని రక్షణ సంఘం ఫైర్ ట్రక్కులకు వేసిన ప్రమాణం బండికి రెండు స్థితులు పెట్టింది. దారి అడుగుతూ పోయేటప్పుడు ఒక రకం మెరుపు, ప్రమాద స్థలంలో ఆగి రోడ్డును అడ్డుకున్నప్పుడు ఇంకో రకం. ఆగి ఉన్నప్పుడు తెల్ల మెరుపు దీపాలు ఆరిపోవాలి. ఎందుకంటే ఆ తెల్ల వెలుగు ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడితే, బండి పక్కన పైపు లాగుతున్న మనిషి వాడికి కనిపించడు. బండి వెనక భాగంలో కనీసం సగం మేర ఏటవాలు పట్టీలు, వెలుగు పడితే తళుక్కుమనేవి, ఉండాలని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. మన 108వ నిబంధన రంగులు చెప్పి ఊరుకుంది. ఆగిన బండి ఏ దీపం ఆపాలి అన్న మాట దాన్లో లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట కాలుతున్న కారు పక్కన నిలబడే సిబ్బందికి ఆ మాట ప్రాణం.

రంగుల్లో ఎరుపుకు తోడు నీలం ఎందుకన్నది కొంచెం చెప్పుకోవాలి. మనిషి కన్ను పగలు ఒక విధంగా, చీకట్లో ఒక విధంగా పనిచేస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఎరుపు మసకబారి నల్లగా కనిపిస్తుంది, నీలం ఆకుపచ్చల వైపు కంటికి చురుకు పెరుగుతుంది. మగ్రిబ్ వేళ దాటాక పెరట్లో ఎర్ర మందారం నల్లబడి, ఆకులు ఇంకా తేటగా కనిపించడం చూసే ఉంటారు. అదే సంగతి. అందుకే రెండు రంగులూ ఉంటే పగలూ రాత్రీ ఒకటి కాకపోతే ఒకటి పనిచేస్తుంది. బండి రంగు విషయంలోనూ ఇదే వాదన ఉంది. అమెరికాలో డాలస్ నగరంలో ఎర్ర ఫైర్ ట్రక్కులనూ నిమ్మపండు రంగు ట్రక్కులనూ పోల్చి చూసిన పరిశోధకులు నిమ్మరంగు బండ్లకు ప్రమాదాలు తక్కువని తేల్చారు. అయినా ప్రపంచంలో చాలా ఊళ్లు, మనతో సహా, ఎరుపునే అంటిపెట్టుకున్నాయి. ఎరుపు చూడగానే 'ఫైర్ ఇంజన్' అని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది కదా, ఆ గుర్తింపుకూ ఒక విలువ ఉంది.

ఇక దారి ఇవ్వడం. ఫైర్ ఇంజన్ గానీ అంబులెన్స్ గానీ వస్తుంటే పక్కకు జరిగి దారి ఇవ్వాలని 1989 రోడ్డు నియమాల్లోనే ఉంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు దాన్ని విడమర్చి చెప్పాయి. దీపం, సైరన్ వేసుకుని నిజమైన అత్యవసరంలో పోతున్న బండి తగు జాగ్రత్తతో ఎర్ర సిగ్నల్ దాటవచ్చు, వేగ పరిమితి మీరవచ్చు. 'తగు జాగ్రత్తతో' అన్న మాటను ఫైర్ ఇంజన్ డ్రైవర్లు మరిచిపోకూడదు, ఆ లైటు గుడ్డిగా దూసుకుపోవడానికి లైసెన్సు కాదు. 2019 సవరణతో, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి, మోటారు వాహనాల చట్టంలోకి 194ఈ సెక్షన్ వచ్చింది. ఫైర్ ఇంజన్‌కో అంబులెన్స్‌కో పక్కకు జరిగి దారి ఇవ్వని డ్రైవరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

గల్ఫ్‌లో బండి నడిపి వచ్చిన మన వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. యూఏఈలో అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే 3,000 దిర్హమ్‌ల జరిమానా, 30 రోజులు బండి జప్తు, లైసెన్సు మీద 6 నల్ల పాయింట్లు. దుబాయ్‌లో సైరన్ వినగానే పక్కకు ఒదిగిపోయే మన అన్నయ్యలే శంషాబాద్‌లో దిగి నెల తిరగకముందే అంబులెన్స్ వెనకాల ఖాళీ దారి దొరికిందని దాని తోకపట్టుకుని పోవడం చూస్తుంటాం. మనిషి అదే, జరిమానా పడుతుందన్న భయమే మారింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 194ఈ సెక్షన్ మాటలు జాగ్రత్తగా చదవండి. బండి 'నడుపుతూ' పక్కకు జరగనివాడికే ఆ శిక్ష. గల్లీ మొదట్లో కారు పెట్టి తాళం వేసి, ఇంట్లో ఏసీ కింద పడుకున్నవాడు ఈ సెక్షన్ కిందికి రాడు. వాడికి వర్తించేవి వేరే: ఇతరులకు అడ్డంగా బండి నిలపకూడదనే 122, రాకపోకలకు అడ్డుపడేలా నిలిపిన బండికి 500 రూపాయల దాకా వేసే 201. అంటే రోడ్డు మీద అర నిమిషం ఆలస్యం చేసినవాడికి పది వేలు, గల్లీని రాత్రంతా మూసేసినవాడికి ఐదు వందలు. పాతబస్తీలో, బస్తీల్లో, పాత పేటల్లో ఫైర్ ఇంజన్‌ను నిజంగా ఆపేది వీళ్లలో ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

లెక్క చూడండి. మన నిబంధనల ప్రకారం పెద్ద బండి వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. మామూలు నీళ్ల ఫైర్ ఇంజన్ రెండున్నర మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మీ గల్లీ 12 అడుగులు అనుకుందాం, అంటే మూడున్నర మీటర్లకు కాస్త పైన. గోడ వారగా ఒక కారు పెడితే అది 1.7 మీటర్లు తినేస్తుంది. మిగిలేది రెండు మీటర్ల లోపు. లైటు ఎంత మెరిసినా, సైరన్ ఎంత అరిచినా ఆ బండి లోపలికి రాదు. 20 అడుగుల రోడ్డైనా అంతే సంగతి, రెండు పక్కలా కార్లు పెడితే మిగిలేది 2.7 మీటర్లు. అద్దాలు మడిచి, ముందొకడు నడిచి చెయ్యి ఊపుతూ ఉంటే నెమ్మదిగా పోవచ్చు. దాని మధ్యలో ఒక్క బైకు స్టాండు వేసి ఉందా, అయిపోయింది. ఇళ్ల ముందు పోసుకున్న ర్యాంపులు, మెట్లు ఈ లెక్కలో వేయనేలేదు.

ప్రమాద స్థలంలో అడ్డు తొలగించే అధికారం అగ్నిమాపక సిబ్బందికి ఉంది, అవసరమైతే కారు తోసేయొచ్చు. కానీ ఆ తోసే ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి?

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింద నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. గుల్జార్ హౌజ్‌లో ఫైర్ ఇంజన్ త్వరగానే వచ్చిందని అధికారులు చెప్పారు, తెల్లవారుజామున రోడ్లు ఖాళీగానే ఉన్నాయి. కానీ ఇంటికి ఒకటే ఇరుకు దారి, ఒకటే ఇరుకు మెట్లు. చుట్టుపక్కల ముస్లిం యువకులు సిబ్బందికన్నా ముందే లోపలికి పోవడానికి ప్రయత్నించారు. దీన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, లైటూ సైరనూ కలిసి బండిని మెయిన్ రోడ్డు దాకానే తేగలవు. అక్కడి నుంచి గల్లీ, గల్లీ నుంచి మెట్లు, అది మన చేతిలో ఉన్న దూరం. మెట్ల కింద బైకులు పెట్టడం, గ్యాసు సిలిండర్లు పేర్చడం, కరెంటు మీటర్ల పక్కన పాత పరుపులు కుక్కడం, ఇవన్నీ ఆ దూరంలోనివే.

రంజాన్ రాత్రుల సంగతి వేరేగా చెప్పాలి. మదీనా నుంచి చార్మినార్ దాకా ఆ నెలలో తెల్లవార్లూ బజారే. జనం, బండ్లు, తోపుడు బళ్లు, ప్రతి దుకాణం మీద రంగురంగుల మెరుపు దీపాలు. ఎరుపు, నీలం మెరవని చోటు లేదు. అంతటి మెరుపుల మధ్య ఫైర్ ఇంజన్ దీపం కంటికి ఆనదు, డీజే బండి పాట ముందు సైరన్ చెవికి ఆనదు. పెళ్లి బారాత్‌లో కూడా ఇదే. ముందు కారు మీద పోలీసు బండిని మించిన మెరుపులు, రోడ్డుకు అడ్డంగా అరగంట డ్యాన్సు. వెనక నిజంగా ఎవరైనా దారి అడుగుతున్నారో లేదో ఎవడు చూస్తాడు? వ్యాపారం ఆపమని గానీ సంబరం ఆపమని గానీ ఎవరూ అనడం లేదు. బజారులో ఒక వరస బళ్లు వెనక్కి జరిపి దారి వదలడం దుకాణదారుల కమిటీలు తలుచుకుంటే ఒక్క సాయంత్రం పని.

లైటు విలువ పడిపోవడానికి ఇంకో కారణం దొంగ లైట్లు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలు పెడితే ఎరుపు నీలం మెరుపు దీపం ఇంటికొస్తుంది. కారు గ్రిల్లు లోపల బిగించుకుని, ట్రాఫిక్‌లో వేసుకుని పోయేవాళ్లను రోజూ చూస్తున్నాం. 2024లో పుణెలో ఒక ట్రైనీ ఐఏఎస్ అధికారి సొంత ఆడి కారు మీద బుగ్గ పెట్టుకున్న సంగతి దేశమంతా మాట్లాడుకుంది. ఆ స్థాయిలోనే అలా ఉంటే గల్లీ లీడర్ సంగతి చెప్పేదేముంది. సాధారణ నిబంధన ఉల్లంఘన కింద 177 సెక్షన్ మొదటిసారి వేసేది 500 రూపాయలే. బండిని మార్పించుకున్నాడని 182ఏ కింద కేసు పెడితే మార్పు ఒక్కింటికి 5,000 రూపాయలు, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఆ సెక్షన్ వాడితే దొంగ లైట్లు నెలలో సగం దిగిపోతాయని నా అభిప్రాయం. ఖాళీ అంబులెన్స్‌లు సైరన్ వేసుకుని పోవడం కూడా ఈ జబ్బే. నాలుగుసార్లు మోసపోయిన డ్రైవరు ఐదోసారి నిజమైన దానికి కూడా కదలడు.

రోడ్డు మీద ఉన్నప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అద్దంలో మెరుపు కనిపించగానే ఎడమ ఇండికేటర్ వేసి నెమ్మదిగా ఎడమకు జరిగి ఆగడం. ఒక్కసారిగా బ్రేకు తొక్కొద్దు, వెనకున్నది నీళ్ల ట్యాంకు, అంత త్వరగా ఆగదు. అది దాటిపోయాక దాని వెనక పడొద్దు, ఇంకో ఇంజన్ వస్తూ ఉండొచ్చు. మంట మన బస్తీలోనే అయితే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, మసీదు పేరో, స్కూలు పేరో, ఫంక్షన్ హాలు పేరో చెప్పాలి. ఇంటి నంబర్లు రాత్రి ఎవరికీ దొరకవు. ఇద్దరు కుర్రాళ్లను టార్చి ఇచ్చి గల్లీ మొదట్లో నిలబెట్టాలి, ఇంకో ఇద్దరిని అడ్డంగా ఉన్న బైకులు తీయించడానికి పంపాలి. వీడియో తీసేవాళ్లు ఎలాగూ ఉంటారు.

ఇక ఆ మూడో కట్టుబాటు. మెరుపు దీపం వాడే అనుమతి ఎవరెవరికి ఇచ్చారో రవాణా శాఖ ఏటా బహిరంగంగా చెప్పాలని నిబంధనలోనే ఉంది. ఆ జాబితా జనం చేతిలో ఉంటే, మీ బస్తీలో ఎరుపు నీలం లైటు వేసుకుని తిరిగే కారు దానిలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు, ట్రాఫిక్ పోలీసుకు చూపించి అడగొచ్చు. జాబితా కావాలని సమాచార హక్కు చట్టం కింద రవాణా శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా, ఉర్దూ రెండో అధికార భాష అయిన చోట ఉర్దూలో రాసినా చెల్లుతుంది. 'ఈ ఏడాది 108వ నిబంధన కింద బహుళ రంగుల దీపానికి అనుమతి ఇచ్చిన అధికారుల జాబితా, వాహనాల నంబర్లతో సహా ఇవ్వండి' అని ఒక్క వాక్యం చాలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.